అలాస్కా క్రూజ్, ఆరుగురు: 899 డాలర్ల లెక్క, డిపాజిట్, ఫ్లైట్ సంగతి

అన్నిటికంటే ముందు ఒక పని చేయండి, మిగతాది తర్వాత తీరిగ్గా చదువుకోవచ్చు. నిన్న రాత్రి తీశానని మీ ఉత్తరంలో రాశారు కదా, షిప్ బయల్దేరే రోజే పొద్దున ఆరింటికి డల్లాస్ నుంచి సియాటిల్‌కి ఆరు టికెట్లు, వాటిని ఈ రాత్రిలోపు క్యాన్సిల్ చేసేయండి. ఎయిర్‌లైన్ దగ్గరే నేరుగా కొన్నానన్నారు, ప్రయాణం ఇంకా ఎనిమిది నెలలుంది. ప్రయాణానికి కనీసం ఏడు రోజుల ముందు కొన్న టికెట్‌ని 24 గంటల్లోపు రద్దు చేసుకుంటే పైసా కోయకుండా తిరిగి ఇవ్వాలని అమెరికా రవాణా శాఖ రూల్ ఉంది. బేసిక్ ఎకానమీ, అంటే మామూలుగా మార్పు, రద్దు కుదరని చవక టికెట్, అయినా సరే వస్తుంది. రేపు పొద్దున్నకి ఆ అవకాశం ఉండదు, పైగా మీరు తీసింది బేసిక్ ఎకానమీయే.

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. జూలై 12న సియాటిల్‌లో ఎక్కి మళ్ళీ అక్కడే దిగే ఏడు రాత్రుల అలాస్కా క్రూజ్. మీరు, మీ ఆవిడ, పన్నెండేళ్ళ పాప, ఎనిమిదేళ్ళ బాబు, మే నెలలో గుంటూరు నుంచి వచ్చే అమ్మానాన్న. యాడ్‌లో మనిషికి 899 అని ఉంది కాబట్టి ఆరుగురికి 5,400 డాలర్లలో అయిపోతుందా, నాన్ రీఫండబుల్ (రద్దు చేస్తే వెనక్కి రాని) డిపాజిట్ తీసుకుంటే మనిషికి 60 తగ్గుతోంది అది తీసుకోవచ్చా, ఫ్లైట్ అదే రోజుకి తీస్తే హోటల్ ఖర్చు మిగులుతుంది కదా. ఈ మూడే కదా. మూడిటికీ నా జవాబు కాదనే, కానీ కారణాలు వేరు వేరు.

ఫ్లైట్ సంగతి ముందు చెప్తా, ఎందుకంటే ఈ తప్పు నేనే చేశాను. 2017లో మా మొదటి అలాస్కా ట్రిప్. మీలాగే లెక్క వేశాను, డల్లాస్‌కీ సియాటిల్‌కీ రెండు గంటల టైమ్ తేడా, పొద్దున ఆరింటికి ఎక్కితే అక్కడి టైమ్ ఎనిమిదిన్నరకే దిగుతాం, షిప్ నాలుగింటికి, బోలెడు టైమ్. డల్లాస్‌లో ఉండేవాడిని, వేసవి మొదట్లో పొద్దున్నే ఉరుములు మెరుపులు పడితే ఎయిర్‌పోర్టులో ఏమవుతుందో నాకు తెలియాలి. మెరుపులుంటే కింద పనిచేసే వాళ్ళని లోపలికి పిలిచేస్తారు, సామాన్లు ఎక్కవు, ఇంధనం నింపరు. విమానంలో కూర్చోబెట్టి రెండున్నర గంటలు, తర్వాత దింపి ఇంకో విమానం. సియాటిల్‌లో దిగేసరికి మధ్యాహ్నం ఒకటిన్నర. మా అత్తగారికి వీల్‌చైర్ రావడానికి పావుగంట, సామాన్లకి అరగంట, ఆరుగురికీ పట్టే పెద్ద కారు దొరక్క రెండు కార్లు. షిప్ ఎక్కే రేవు, పియర్ 91కి చేరేసరికి చెక్-ఇన్ కౌంటర్ల దగ్గర తాళ్ళు చుట్టేస్తున్నారు. ఒకావిడ మా వైపు చూసి, చేతిలో వాకీటాకీలో ఏదో చెప్పి, మమ్మల్ని పక్క తలుపు గుండా పరిగెత్తించింది. మా మామగారు ఒక చేత్తో మందుల సంచీ, ఇంకో చేత్తో బెల్టు పట్టుకుని పరిగెత్తారు, సెక్యూరిటీ దగ్గర తీసిన బెల్టు మళ్ళీ పెట్టుకునే టైమ్ కూడా లేదు. షిప్ ఎక్కాక గంటసేపు మాలో ఎవరూ ఎవరితోనూ మాట్లాడలేదు.

షిప్ నాలుగింటికి బయల్దేరుతుందంటే నాలుగింటి దాకా ఎక్కిస్తారని కాదు. గంట, గంటన్నర ముందే చెక్-ఇన్ మూసేస్తారు, ప్రయాణికుల జాబితా ముందుగా ప్రభుత్వానికి పంపాలి కాబట్టి. మీ ఒక్క కుటుంబం కోసం రెండు వేల మందిని ఆపరు.

"మిస్ అయితే తర్వాత పోర్టులో ఎక్కుతాం" అని చాలామంది ధీమాగా అంటారు. మీ రూట్‌లో అది కూడా కష్టమే. 1886 నాటి ప్యాసింజర్ వెసెల్ సర్వీసెస్ యాక్ట్ అని ఒకటుంది. విదేశీ జెండా ఉన్న షిప్ అమెరికాలో ఒక పోర్టులో ఎక్కించుకున్న మనిషిని అమెరికాలోనే ఇంకో పోర్టులో దింపాలంటే మధ్యలో దూరపు విదేశీ పోర్టు ఒకటి తగలాలి. ఈ పెద్ద షిప్పులన్నీ దాదాపుగా బహామాస్, పనామా, బెర్ముడా లాంటి జెండాలవే. సియాటిల్‌లో ఎక్కి సియాటిల్‌లోనే దిగితే దగ్గర్లో ఉన్న కెనడా పోర్టు తగిలినా సరిపోతుంది, అందుకే చివరి సాయంత్రం విక్టోరియాలో కొన్ని గంటలు ఆపుతారు. అదే మీరు మధ్యలో వచ్చే అలాస్కా పోర్టులు జూనోలోనో కెచికాన్‌లోనో ఎక్కి సియాటిల్‌లో దిగితే లెక్క మారిపోతుంది, విక్టోరియా దూరపు పోర్టు కిందికి రాదు. మనిషికి వందల డాలర్ల జరిమానా షిప్ వాళ్ళ మీద పడుతుంది, వాళ్ళు మన దగ్గర వసూలు చేస్తారు లేదా అసలు ఎక్కనివ్వరు. 2021లో కోవిడ్ వల్ల కెనడా పోర్టులు మూసినప్పుడు అలాస్కా క్రూజులు నడపడానికి ఏకంగా అమెరికా కాంగ్రెస్ తాత్కాలికంగా చట్టం చేయాల్సి వచ్చిందంటే చూడండి ఈ రూల్ ఎంత గట్టిదో.

కాబట్టి జూలై 11న వెళ్ళండి. మధ్యాహ్నం ఫ్లైట్ అయితే చాలు, అది రద్దయినా రాత్రికో మర్నాడు పొద్దున్నకో ఇంకోటి దొరుకుతుంది. హోటల్ రెండు గదులకి పన్నులతో కలిపి 600 దాకా అవుతుంది, అవును, జూలైలో శనివారం సియాటిల్ డౌన్‌టౌన్ చవక కాదు. సీటాక్, అంటే సియాటిల్ ఎయిర్‌పోర్టు దగ్గర తీసుకుంటే కొంత తగ్గుతుంది. నేనైతే ఎయిర్‌పోర్టు దగ్గరే తీసుకుంటా, అమ్మానాన్న ఎలాగూ ఆ రోజు అలిసిపోతారు.

ఇక 899. ఆ ధర అబద్ధం కాదు, కానీ అది మీది కాదు. "ఫ్రమ్" అని చిన్న అక్షరాల్లో ఉంటుంది చూడండి, అంటే ఆ సీజన్‌లో అన్నిటికంటే చవక వారంలో, కిటికీ లేని లోపలి క్యాబిన్‌లో, ఒక గదిలో ఇద్దరున్నప్పుడు మనిషికి పడే ధర. ఆ చవక వారం సాధారణంగా సీజన్ మొదట్లో మేలోనో, చివర సెప్టెంబరులోనో ఉంటుంది, జూలై మధ్యలో ఎప్పుడూ ఉండదు. ఒక మంచి సంగతి, కాలిఫోర్నియా చట్టం వల్ల 2024 జూలై నుంచి పెద్ద కంపెనీలు చాలావరకు అమెరికాలో చూపించే ధరలోనే పన్నులు, పోర్టు ఫీజులు కలిపి చూపిస్తున్నాయి. అంతకుముందు చివరి పేజీలో గుండె ఆగేది. టిప్స్ మాత్రం ఇప్పటికీ ఆ ధరలో ఉండవు.

మీ ఆరుగురికి నేను వేసిన లెక్క చెప్తాను, అంకెలు అటూ ఇటూ అవుతాయి కానీ ఏది ఎంత బరువో తెలుస్తుంది. కిటికీ ఉన్న క్యాబిన్ జూలైలో మనిషికి పన్నులతో 1,350 అనుకుందాం, ఒకే గదిలో మూడో మనిషికి, నాలుగో మనిషికి తక్కువ పడుతుంది కాబట్టి పిల్లలకి చెరో 850. మీ గదికి 4,400, అమ్మానాన్న గదికి 2,700, మొత్తం 7,100. టిప్స్ కంపెనీని బట్టి మనిషికి రోజుకి 16 నుంచి 20 దాకా, పిల్లలకి కూడా వేస్తారు, 18 వేసుకుంటే ఏడు రోజులకి 756. ఫ్లైట్లు జూలైలో మనిషికి 400 చొప్పున 2,400. హోటల్ 600. కార్లు అన్నీ కలిపి 250. అక్కడిదాకా 11,106. దీనికి పోర్టుల్లో టూర్లు, విక్టోరియాలో ఆగుతుంది కాబట్టి కెనడా వీసాలు, ఇన్సూరెన్స్ కలపాలి.

టూర్ల దగ్గరే చాలామందికి బడ్జెట్ చేయి దాటుతుంది. కరీబియన్ క్రూజ్ అయితే దిగి బీచ్‌లో కూర్చుంటే గడిచిపోతుంది, అలాస్కాలో అలా కుదరదు, అంత దూరం వెళ్ళి తిమింగలాలు చూడకుండా రావాలంటే మనసొప్పదు. జూనోలో వేల్ వాచింగ్ మనిషికి 180 దాకా, మెండెన్‌హాల్ గ్లేసియర్‌కి (మంచునది) బస్సు రానూపోనూ 50 దాకా, స్కాగ్వేలో వైట్ పాస్ రైలు 150 దాకా. బంగారం వేటకి జనం కొండలెక్కిన రోజుల్లో 1898లో మొదలుపెట్టి 1900లో పూర్తి చేసిన లైన్ అది, కూర్చున్న చోటే కొండలు, జలపాతాలు అన్నీ కనిపిస్తాయి, మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకి దాన్ని మించింది లేదు. మూడూ ఆరుగురికీ తీసుకుంటే 2,280, పిల్లలకి కొన్నిచోట్ల కాస్త తగ్గుతుంది. హెలికాప్టర్‌లో గ్లేసియర్ మీద దిగడం మనిషికి 300 పైమాటే, ఆరుగురితో దాని జోలికి వెళ్ళకండి. జూనోలో బయటి ఆపరేటర్ల దగ్గర వేల్ వాచింగ్ షిప్ ధర కంటే తక్కువకి దొరుకుతుంది, నేను రెండుసార్లు అలాగే వెళ్ళాను, కానీ షిప్ అమ్మిన టూర్ లేటయితే షిప్ ఆగుతుంది, బయటిది లేటయితే ఆగదు. అందుకని షిప్ బయల్దేరడానికి మూడు గంటల ముందే ముగిసేది చూసుకుంటా.

కెనడా వీసా ఒక్కొక్కరికి 100 కెనడా డాలర్లు, వేలిముద్రలకి 85. పిల్లలు ఇక్కడే పుట్టారు కాబట్టి వాళ్ళకి అక్కర్లేదు, మీ నలుగురు పెద్దవాళ్ళకీ కావాలి. అమెరికా డాలర్లలో 550 లోపు. ఇన్సూరెన్స్ 500 వేసుకోండి. మొత్తం 14,400 పైన. మీరు అనుకున్నది 5,400. దీనికి ఇంటర్నెట్ కలపలేదు, అది రోజుకి 20 దాటుతుంది, ఒక్క ఫోన్‌కి తీసుకుని మార్చి మార్చి వాడుకోవచ్చు.

అంకె చూసి భయపడి మానేయమని కాదండీ. ఏడు రాత్రుల బస, తిండి అందులోనే వస్తున్నాయి, ఆరుగురితో అలాస్కాలో కారేసుకుని హోటళ్ళలో తిరిగితే కూడా తక్కువేం అవ్వదు. కానీ 5,400 బుర్రలో పెట్టుకుని డిపాజిట్ కట్టేసి, ఫిబ్రవరిలో అసలు లెక్క తెలిసి వెనక్కి తగ్గుదామంటే అప్పుడు మీ డబ్బు వాళ్ళ చేతిలో ఉంటుంది.

డిపాజిట్ దగ్గరికి వద్దాం. ఏడు రాత్రులకి మనిషికి 250, ఆరుగురికి 1,500. నాన్ రీఫండబుల్ తీసుకుంటే మీకు మిగిలేది 360. అంటే 360 కోసం 1,500 పణంగా పెడుతున్నారు. మీ నలుగురిలో ఎవరి దగ్గరా ఇంకా కెనడా వీసా లేదు. నా దృష్టిలో విషయం అక్కడే తేలిపోయింది. ఏ ప్రయాణంలో అయినా అందరికంటే ఎవరి రాక అనుమానమో వాళ్ళని బట్టి డిపాజిట్ ఎంచుకోవాలి, ధర తగ్గింపుని బట్టి కాదు.

2019లో మా బావమరిది కుటుంబంతో కలిసి వెళ్దామని నలుగురికి నాన్ రీఫండబుల్ కట్టాం. వాళ్ళ కెనడా వీసా, మిగతా డబ్బంతా కట్టాల్సిన ఫైనల్ పేమెంట్ తేదీకి రాలేదు. ఫోన్‌లో గంట వెయిట్ చేయించి, చాలా మర్యాదగా, వెయ్యి డాలర్లూ వెనక్కి రావని చెప్పారు. తప్పు వాళ్ళదనను, ఆ షరతు బుకింగ్ పేజీలోనే ఉంది, చదవకుండా టిక్ కొట్టింది నేనే. వీసా పదకొండు రోజుల తర్వాత వచ్చింది. కొన్ని కంపెనీలు ఇలాంటప్పుడు మనిషికి కొంత కోసి మిగతాది వచ్చేసారి వాడుకునే క్రెడిట్‌గా ఇస్తాయి, కొన్ని మొత్తం ఉంచుకుంటాయి, తేదీ మార్చినా మనిషికి 100 వేసేవాళ్ళున్నారు. మీ కోట్‌లో ఏముందో కట్టేముందు చదవండి.

"మేం విక్టోరియాలో దిగం, షిప్‌లోనే కూర్చుంటాం, వీసా ఎందుకు" అని మీరు కూడా రాశారు. కాగితాలు చూసేది విక్టోరియాలో కాదు, సియాటిల్‌లో ఎక్కేటప్పుడే. వీసా లేకపోతే అక్కడే పక్కకి నిలబెడతారు, డబ్బు వెనక్కి రాదు, ఇన్సూరెన్స్ కూడా కాగితాలు సరిగా లేకపోతే ఇవ్వదు. గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళకి కెనడా వీసా అక్కర్లేదు, గ్రీన్ కార్డు, పాస్‌పోర్టు రెండూ చూపిస్తే చాలు, వీసా అక్కర్లేదని మీ స్నేహితుడు చెప్పాడన్నారు, అది బహుశా ఈ సంగతి అయ్యుంటుంది. హెచ్1బీ, హెచ్4, విజిటర్ వీసా మీదున్న భారతీయులకి ఆ వెసులుబాటు లేదు. అమ్మానాన్నని ఇప్పుడే, నవంబరులోనే, హైదరాబాద్ నుంచి అప్లై చేయించండి. ఇక్కడికొచ్చాక చూద్దాంలే అంటే పాస్‌పోర్టు స్టాంపింగ్‌కి పంపి, అది తిరిగొచ్చేదాకా జూన్ అంతా టెన్షన్.

పాస్‌పోర్టులో మీ హెచ్1బీ వీసా స్టాంపు గడువు అయిపోయిందన్నారు కాబట్టి ఇంకో మాట. ఐ-94 (అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు) చెల్లుతూ ఉండి, కెనడాలో 30 రోజుల్లోపే ఉండి తిరిగొస్తే పాత స్టాంపుతోనే రానిచ్చే ఆటోమేటిక్ రీవాలిడేషన్ పద్ధతి ఉంది, ఈ క్రూజ్‌కి అది పనికొస్తుంది, అప్రూవల్ కాగితం ఒరిజినల్ వెంట ఉంచుకోండి. అయితే మధ్యలో కొత్త స్టాంపుకి అప్లై చేసి ఉంటే అది వర్తించదు. మీ ఆఫీసు లాయర్‌కి ఒక ఈమెయిల్ పెట్టి రాతపూర్వకంగా అడిగి ఉంచుకోండి. అలాగే అమ్మానాన్నకి కెనడా వెళ్ళొస్తే అమెరికాలో ఉండే ఆరు నెలల గడువు మళ్ళీ కొత్తగా మొదలవుతుందని ఎవరైనా చెప్తే నమ్మకండి.

ఇప్పుడు చేయాల్సింది ఇది. రెండు క్యాబిన్లనీ ఒకే బుకింగ్‌లో పెట్టకండి, రెండు వేరు బుకింగులుగా తీసి వాటిని లింక్ చేయమని అడగండి, ఒకే భోజనం టేబులు వస్తుంది, గదులు మాత్రం పక్కపక్కన ఉన్నవి మీరే చూసి ఎంచుకోండి. అమ్మానాన్నది కచ్చితంగా రీఫండబుల్. మీది ఏం చేయాలన్నది, వాళ్ళు రాలేకపోతే మీరు, మీ ఆవిడ, పిల్లలు వెళ్తారా లేదా అన్న దాన్నిబట్టి ఉంటుంది. మీ ఉత్తరం చదివితే వెళ్ళరనే అనిపించింది, అలాగైతే రెండూ రీఫండబులే.

ఫైనల్ పేమెంట్ ఏడు రాత్రులవాటికి సాధారణంగా 90 రోజుల ముందు. అంటే మీకు ఏప్రిల్ 13. క్యాలెండర్‌లో ఏప్రిల్ 5కి అలారం పెట్టుకోండి. ఆ తేదీ దాకా రీఫండబుల్ డిపాజిట్ మొత్తం వెనక్కి వస్తుంది, ఆ తర్వాత మెట్లు మెట్లుగా కోస్తారు, 25 శాతం, 50, 75, చివరి నెలలో వందకి వంద. పన్నులు, పోర్టు ఫీజులు, ముందే కట్టిన టిప్స్ మాత్రం ఎప్పుడు రద్దు చేసినా వెనక్కి వస్తాయి. ఏప్రిల్ 13 నాటికి అమ్మానాన్న వీసాలు చేతిలో లేకపోతే ఇంకో వారం చూద్దాం అనుకోకండి. మేం అనుకున్నాం.

రీఫండబుల్‌కి ఇంకో లాభం ఉంది, దీన్ని ఎవరూ లెక్కలో వేసుకోరు. ఫైనల్ పేమెంట్ దాకా ధర తగ్గితే అదే క్యాబిన్‌ని కొత్త ధరకి మార్చమని అడగొచ్చు. నేను నెలకోసారి చూస్తాను, థాంక్స్ గివింగ్ టైమ్‌లోనూ, జనవరిలో వాళ్ళు పెద్ద ఆఫర్లు పెట్టే టైమ్‌లోనూ వారానికోసారి. ఒకసారి ఇలా అడిగితే మా నలుగురికి కలిపి 420 తగ్గింది, పదినిమిషాల ఫోన్. కొత్త ధర కింద పాత బోనస్‌లు, షిప్‌లో ఖర్చుపెట్టుకునే క్రెడిట్ లాంటివి పోతాయేమో ముందే అడగండి, ఒక్కోసారి తగ్గిన దానికంటే పోయేదే ఎక్కువుంటుంది.

ఏజెంటు ద్వారా తీయాలా నేరుగానా అంటే, కాస్ట్‌కో మెంబర్ అన్నారు, వాళ్ళ ట్రావెల్ విభాగం ధర అటూ ఇటూ కంపెనీ ధరే ఉంటుంది కానీ ప్రయాణమయ్యాక వాళ్ళ దుకాణంలో వాడుకునే షాప్ కార్డు ఇస్తారు, మీ మొత్తానికి అది చెప్పుకోదగ్గ డబ్బే. ఇబ్బంది ఏంటంటే ఏజెంటు దగ్గర తీసినదానికి ఏ మార్పు కావాలన్నా ఏజెంటుకే ఫోన్ చేయాలి, షిప్ కంపెనీ మీతో మాట్లాడదు. గ్యారంటీ క్యాబిన్ అని ఇంకా చవకది చూపిస్తారు, ఏ గదో వాళ్ళే తర్వాత చెప్తారు, పెద్దవాళ్ళతో వద్దు, మీరు పదో అంతస్తు ముందు వైపు, వాళ్ళు రెండో అంతస్తు వెనక అయితే వారమంతా లిఫ్టుల దగ్గరే అయిపోతుంది.

పేర్ల విషయం. నవ్వుకోకండి, మన తెలుగువాళ్ళకి అన్నిటికంటే ఎక్కువ తిప్పలు ఇక్కడే. అమ్మ పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉందా చూడండి, పేరంతా ఒకే చోట ఉంటే అమెరికా వీసా మీద ఎఫ్ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే మొదటి పేరు తెలియదు) అని పడుంటుంది. నాన్నగారికి ఇంటిపేరు పాస్‌పోర్టులో పూర్తిగా ఉండి, మీరు అలవాటు కొద్దీ ఒక్క అక్షరం కొట్టి బుక్ చేసుంటారు. పాస్‌పోర్టులో ఎలా ఉంటే అక్షరం పొల్లుపోకుండా అలాగే షిప్ బుకింగ్‌లోనూ ఫ్లైట్‌లోనూ ఉండాలి. సర్‌నేమ్ లేనివాళ్ళది ఎలా కొట్టాలో ఫోన్ చేసి అడిగి, బుకింగ్‌లో నోట్ పెట్టించండి. ఇప్పుడు సరిచేయడం ఉచితం, ఫైనల్ పేమెంట్ తర్వాత పేరు మార్పుని కొన్నిచోట్ల రద్దు చేసి కొత్తగా తీసినట్టు చూస్తారు.

ఇన్సూరెన్స్ చివర్లో తీసుకుందాంలే అనుకున్నారు, అది కూడా మార్చుకోండి. పాత జబ్బుల వల్ల వచ్చే సమస్యకి కూడా డబ్బు ఇచ్చే వెసులుబాటు, ఏ కారణంతో రద్దు చేసినా 50 నుంచి 75 శాతం వెనక్కిచ్చే రకం, ఈ రెండూ చాలా ప్లాన్లలో మొదటి డిపాజిట్ కట్టిన రెండు మూడు వారాల్లోపు కొంటేనే వస్తాయి. నాన్నగారికి స్టెంట్ వేశారన్నారు, కాబట్టి ఇది మీకు అలంకారం కాదు. ఇంకో చిక్కు, ఇక్కడి ప్లాన్లు చాలావరకు అమెరికాలో ఉండేవాళ్ళకే అమ్ముతారు, ఇండియా నుంచి వచ్చే తల్లిదండ్రులకి ఇస్తారా అని కొనేముందు అడగండి. వాళ్ళకి మీరు ఎలాగూ తీసే విజిటర్ ఇన్సూరెన్స్ షిప్ మీద, కెనడాలో పనిచేస్తుందా అన్నది కూడా రాతలో చూసుకోండి. షిప్‌లో డాక్టరు చూస్తే బిల్లు అక్కడే మీ గది ఖాతాలో పడుతుంది, తర్వాత మీరే క్లెయిమ్ చేసుకోవాలి.

ఫ్లైట్ మళ్ళీ తీసేటప్పుడు రెండు దారులున్నాయి. ఒకటి షిప్ కంపెనీల ద్వారానే టికెట్ తీయడం, రాయల్ కరీబియన్‌కి ఎయిర్2సీ, ప్రిన్సెస్‌కి ఈజీ ఎయిర్ అని ఉన్నాయి. విదేశాల్లో, ఒక ఊళ్ళో ఎక్కి ఇంకో ఊళ్ళో దిగేవాటికి అవి బాగుంటాయి, కెనడాలోని వాంకూవర్‌లో ఎక్కి అలాస్కాలో సీవార్డ్‌లోనో విట్టియర్‌లోనో దిగి యాంకరేజ్ నుంచి ఇంటికి రావాలనుకోండి, అప్పుడు నేను వాటినే చూస్తా. ఆలస్యమైతే వాళ్ళే ఏదో దారి చూస్తారు, క్రూజ్ రద్దయితే టికెట్ తలనొప్పి మీది కాదు. మీది డల్లాస్ నుంచి నేరుగా నాలుగు గంటల ఫ్లైట్, దానికి అంత అక్కర్లేదు. ఎయిర్‌లైన్ దగ్గర మామూలు ఎకానమీ తీయండి, బేసిక్ కాదు. 2020 నుంచి పెద్ద ఎయిర్‌లైన్స్ ఇక్కడి టికెట్లకి మార్పు ఫీజు తీసేశాయి, ప్రయాణం మీరు రద్దు చేసుకుంటే డబ్బు క్రెడిట్‌గా ఉంటుంది, అమ్మానాన్న క్రెడిట్ మాత్రం వాళ్ళ పేరు మీదే ఉంటుందని గుర్తుంచుకోండి. అందుకని వాళ్ళ టికెట్లు వీసా వచ్చాక తీసినా పర్లేదు, కాస్త ధర పెరిగినా. గుంటూరు నుంచి వచ్చే అంతర్జాతీయ టికెట్‌ని మాత్రం ఈ క్రూజ్‌కి ముడిపెట్టకండి, మేలో వస్తారు కాబట్టి మీకు ఆ సమస్య లేదు.

తిరుగు ప్రయాణం మధ్యాహ్నం పన్నెండింటి తర్వాతి ఫ్లైట్ తీయండి. షిప్ ఉదయం ఏడింటికల్లా చేరుతుంది, కానీ దింపడం తొమ్మిదిన్నర దాకా సాగుతుంది, వీల్‌చైర్ అడిగితే ఆ వరస వేరు. ఆదివారం షిప్పుల జనం అంతా ఒకేసారి సీటాక్ సెక్యూరిటీ లైన్లలో పడతారు. పదిన్నర ఫ్లైట్ తీసుకున్నవాళ్ళు సామాను తామే మోసుకుని ఏడింటికే దిగి పరిగెత్తడం ప్రతిసారీ చూస్తాను.

తేదీ మార్చుకునే వీలుంటే ఒక మాట. టెక్సాస్‌లో బడులు మే చివరికల్లా మూసేస్తారు, వాషింగ్టన్, న్యూయార్క్ వైపు జూన్ మూడో, నాలుగో వారం దాకా నడుస్తాయి. అందుకే జూన్ మొదటి పది రోజుల్లో ధరలు జూలై కంటే తగ్గుతాయి, చలి కాస్త ఎక్కువ, తిమింగలాలు ఉంటాయి. ఆ వారానికి ఒకసారి ధర చూడండి, ఫ్లైట్లు కూడా తగ్గుతాయి. కాకపోతే ఫైనల్ పేమెంట్ మార్చి మొదటి వారానికి జరుగుతుంది, కెనడా వీసాకి నెల రోజులు తక్కువవుతాయి. ఇప్పుడే అప్లై చేస్తే నేను జూన్‌కే వెళ్తాను.

షిప్ ఎక్కేటప్పుడు గది ఖాతాకి డెబిట్ కార్డు ఇవ్వకండి, రోజూ కొంత డబ్బు పట్టి ఉంచుతారు, అది విడుదలయ్యేసరికి వారం పడుతుంది, క్రెడిట్ కార్డే ఇవ్వండి. తిండి గురించి అమ్మగారు అడిగారన్నారు. మొదటి రాత్రే హెడ్ వెయిటర్‌ని పిలిచి శాకాహారం, ఇండియన్ వంట అని చెప్తే మర్నాటి నుంచి పప్పు, కూర, అన్నం చేయించి పెడతారు, చాలా షిప్పుల్లో వంటవాళ్ళలో మనదేశం వాళ్ళుంటారు. రైస్ కుక్కర్, కెటిల్ పెట్టెలో పెట్టకండి, స్కానర్‌లో పట్టుకుని తీసేస్తారు. ఇంట్లో కలిపిన ఆవకాయ సీసా కూడా అంతే, 2017లో మా అత్తగారిది పియర్ 91లోనే ఉండిపోయింది. కంపెనీ సీల్ ఉన్న ప్యాకెట్ అయితే రానిస్తారు.